సి డ్రైవ్‌కు వంద జీబీ: ఆషాఢంలో ఒక పార్టిషన్ మార్పు

మొదటి రోజు, శనివారం సాయంత్రం

తెనాలిలో మా బాబాయి డీటీపీ షాపు నడుపుతారు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి శుభలేఖల పని కూడా ఉండదు, శ్రావణం వచ్చిందంటే మాత్రం ఊపిరి సలపదు. ఈ మధ్య ఖాళీలోనే షాపులోని పెద్ద కంప్యూటర్‌ను బాగుచేసి పెట్టమని ఆయన నెల రోజులుగా అడుగుతున్నారు. ఆ కంప్యూటర్ జబ్బు ఒకటే: "దిస్ పీసీ" తెరిస్తే సి డ్రైవ్ గీత పూర్తిగా ఎర్రగా ఉంటుంది, పక్కనే డి డ్రైవ్, ఈ (E) డ్రైవ్ మాత్రం సగం ఖాళీగా, నీలంగా ఉంటాయి. ఫొటోషాప్ తెరవగానే స్క్రాచ్ డిస్క్ (పని చేస్తూ తాత్కాలికంగా వాడుకునే చోటు) నిండిందని చెబుతుంది. విండోస్ అప్‌డేట్ ప్రతిసారీ సగంలో ఆగిపోతుంది. ఈ రోజు సాయంత్రం సీపీయూ బాక్సును స్కూటర్ ముందు పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

డిస్క్‌ను ఏయే పార్టిషన్లుగా, అంటే ముక్కలుగా, విడగొట్టారో చూపే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపించినది కనిపించినట్టు కాగితం మీద రాసుకున్నాను. ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్, విండోస్ లెక్కలో 931.51 జీబీ. ముందు 500 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్, తర్వాత సి 97.17 జీబీ, డి 390.63 జీబీ, చివరగా ఈ (E) 443 జీబీ పైచిలుకు. ఈ వింత అంకెలకు కారణం ఊహించడం కష్టం కాదు. కంప్యూటర్‌ను అసెంబుల్ చేసిన వారు విండోస్ వేసేటప్పుడు సి కోసం 1,00,000 అనీ, డి కోసం 4,00,000 అనీ ఎంబీలలో టైపు చేశారు. విండోస్ 1024 ఎంబీలను ఒక జీబీగా లెక్కిస్తుంది కాబట్టి లక్ష ఎంబీలు 97.66 జీబీలే అవుతాయి, అందులోంచి సిస్టమ్ రిజర్వ్‌డ్ కోసం 500 ఎంబీ పోగా మిగిలినది 97.17. మన ఊళ్ళలో అసెంబుల్ చేసిన కంప్యూటర్లలో సగానికి సగం ఇదే అంకె కనిపిస్తుంది.

ఇంకో రెండు సంగతులు కూడా రాసుకున్నాను, ఎందుకంటే రేపు చేయబోయే పనికి హద్దులు గీసేవి అవే. మొదటిది, ఈ డిస్క్ మీద ఉన్నది పాత ఎంబీఆర్ పద్ధతి పట్టిక. డిస్క్ మొట్టమొదటి సెక్టార్‌లో (డిస్క్ మీది అతి చిన్న గడిలో) ఉండే 512 బైట్లలో 446 బైట్లు బూట్ కోడ్‌కు, 64 బైట్లు పార్టిషన్ పట్టికకు, చివరి రెండు బైట్లు గుర్తుకు పోతాయి. ఒక్కొక్క పార్టిషన్ వివరానికి 16 బైట్లు కావాలి కాబట్టి ఆ పట్టికలో నలుగురికే చోటు, ఇక్కడ ఆ నాలుగూ నిండిపోయాయి. రెండవది, సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేస్తే "ఎక్స్‌టెండ్ వాల్యూమ్" అనే మాట బూడిద రంగులో, నొక్కడానికి వీలు లేకుండా ఉంది. విండోస్ సొంత పరికరంతో ఒక పార్టిషన్‌ను పెంచాలంటే దానికి కుడి పక్కన, ఆనుకునే, ఎవరికీ చెందని ఖాళీ ఉండాలి. సి పక్కన ఉన్నది డి. డి లోపల ఎంత ఖాళీ ఉన్నా అది డి సొత్తే.

బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉందేమోనని కూడా చూశాను. లేదు. ఉండి ఉంటే ముందు దాన్ని సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోకుండా మరో అడుగు వేయకూడదు.

రెండో రోజు, ఆదివారం

పార్టిషన్ల జోలికి వెళ్ళే ముందు అసలు వెళ్ళవలసిన అవసరం ఉందా అని చూడడం న్యాయం. సి డ్రైవ్‌లో మిగిలినది 1.9 జీబీ. ఎక్కడ ఏం పేరుకుందో చూస్తే డెస్క్‌టాప్ ఒక్కటే 22 జీబీ తేలింది. ఫ్లెక్సీ ఫైళ్ళన్నీ అక్కడే పడి ఉన్నాయి, "న్యూ ఫోల్డర్" లోపల "న్యూ ఫోల్డర్ 2", దాని లోపల "ఫైనల్", దాని లోపల "ఫైనల్ ఒరిజినల్". డెస్క్‌టాప్ మీద కనిపించేదంతా నిజానికి సి డ్రైవ్‌లోనే ఉంటుందని షాపులో ఎవరికీ తట్టలేదు. డెస్క్‌టాప్ ప్రాపర్టీస్‌లోని లొకేషన్ ట్యాబ్‌లోకి వెళ్ళి ఆ ఫోల్డర్‌ను మొత్తంగా డి డ్రైవ్‌లోకి మార్చాను. (ఈ ఒక్క పని గురువారం నాడు నా గుండె ఎలా ఆపబోయిందో అప్పుడే చెబుతాను.) హైబర్నేషన్‌ను (మెమరీలోని పనిని డిస్క్ మీద రాసి నిద్రపోయే సదుపాయాన్ని) ఆపేస్తే ఇంకో మూడు జీబీ పైగా తిరిగి వచ్చింది. దానితో పాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోయింది. రేపటి పనికి అది ఆగి తీరాలి. ఆ సదుపాయం ఉన్నంతకాలం షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా మూతపడకుండా డిస్క్‌ను సగం నిద్రలాంటి స్థితిలో వదిలిపెడుతుంది, అలాంటి డిస్క్‌ను వేరే వ్యవస్థతో తెరిచి మార్చడం ప్రమాదం.

ఈ శుభ్రం చేయడంతోనే సి లో సుమారు 27 జీబీ ఖాళీ అయింది. ఇక్కడితో ఆపేయవచ్చు కదా అని నాకూ అనిపించింది. సాయంత్రం ఫోన్ చేసి ఆ మాటే అన్నాను.

"ఎన్నిసార్లని ఖాళీ చేస్తాంరా? పోయిన సంక్రాంతికీ ఇలాగే చేశావు. ఈసారి గోడే జరిపెయ్," అన్నారు బాబాయి.

ఆయన మాటలో న్యాయం ఉంది. పైగా సి లో చోటు లేదని ఎవరో ఒకప్పుడు పేజింగ్ ఫైల్‌ను (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే ఫైల్‌ను) కూడా డి మీదకు మార్చారు. దాన్ని సొంత చోటికి తేవాలంటే 12 జీబీ కావాలి. అది పోతే మళ్ళీ మొదటికే.

కాబట్టి లక్ష్యం ఖాయం చేసుకున్నాను: డి మొదలు 100 జీబీ కుడికి జరగాలి, ఆ వంద సి కి కలవాలి. సి 197.17 అవుతుంది, డి 290.63 అవుతుంది. ఈ (E) డ్రైవ్‌ను ముట్టుకోను.

రాత్రి బ్యాకప్ మొదలుపెట్టాను. డి లో 212 జీబీ, ఈ లో 340 జీబీ సరుకు ఉంది. ఈ ని ముట్టుకోనప్పుడు దానికి బ్యాకప్ ఎందుకని అడగవచ్చు. మనం మార్చబోయే 64 బైట్ల పట్టిక అందరిదీ ఒక్కటే, అక్కడ ఒక్క అంకె తప్పు పడితే ఈ కూడా కనిపించకుండా పోతుంది. అందుకే రెండూ ఒక టెరాబైట్ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి. సి ని మాత్రం ఫైళ్ళుగా కాపీ చేస్తే విండోస్ తిరిగి లేవదు కాబట్టి క్లోన్‌జిల్లా అనే పరికరంతో ఇమేజ్‌గా (డ్రైవ్‌కు అచ్చు నకలుగా) తీశాను. అది వాడుకలో ఉన్న బ్లాకులనే తీసుకుంటుంది, అందువల్ల ఆ డిస్క్‌లోనే చోటు సరిపోయింది.

మూడో రోజు, సోమవారం

కాపీ అయిపోయిందని తెర మీద చూపించినంత మాత్రాన బ్యాకప్ అయినట్టు కాదు. రెండు వైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ళ సంఖ్యను పోల్చి చూస్తే డి లో మూడు ఫైళ్ళు తక్కువ వచ్చాయి. అరగంట వెతికితే తేలింది: ఆ "న్యూ ఫోల్డర్"ల గొలుసు ఎంత లోతుకు పోయిందంటే, కాపీ వెళ్ళవలసిన చోటికి ఇంకో రెండు ఫోల్డర్ పేర్లు తోడయ్యేసరికి చిరునామా మొత్తం 260 అక్షరాల హద్దు దాటింది, రాత్రి నిద్రమత్తులో నేను "స్కిప్" నొక్కేశాను. పై ఫోల్డర్ల పేర్లు కుదించి ఆ మూడింటినీ మళ్ళీ కాపీ చేశాను. తర్వాత గుడ్డిగా ఓ ఇరవై ఫైళ్ళు ఎంచుకుని బ్యాకప్ నుంచే తెరిచి చూశాను. అందులో ఒకటి 2014 నాటి గృహప్రవేశ ఆహ్వాన పత్రిక, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినది, చక్కగా తెరుచుకుంది.

డిస్క్ ఆరోగ్యం కూడా చూశాను. స్మార్ట్ వివరాలలో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలలో) ఇలాంటి పనికి ముందు చూడవలసిన వరుసలు రెండు: ఇప్పటికే పాడై వేరే చోటికి మార్చబడిన సెక్టార్ల లెక్క ఒకటి, చదవడానికి మొరాయించి తీర్పు కోసం ఎదురుచూస్తున్న సెక్టార్ల లెక్క రెండవది. రెండూ సున్నా. రెండో దానిలో సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఈ ప్రాజెక్టును అక్కడే ఆపి, కొత్త డిస్క్ కొని దాని మీదకు క్లోన్ చేసి ఉండేవాడిని. చదవలేని ఒక్క సెక్టార్ తగిలినా పార్టిషన్‌ను జరిపే పని నడిమధ్యలో ఆగిపోతుంది.

ఇక అసలు పని మొదలు. డి ని లైనక్స్ పరికరంతో కుదించవచ్చు. కానీ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను (డ్రైవ్‌లో ఫైళ్ళను అమర్చే విండోస్ ఫైల్ సిస్టమ్‌ను) కుదించే పని విండోస్‌కే వదిలేయడం నాకు అలవాటు, తన ఇంటి సామాను ఎక్కడుందో దానికే బాగా తెలుసు. డి మీద రైట్ క్లిక్ చేసి "ష్రింక్ వాల్యూమ్" నొక్కితే కొంతసేపు లెక్క వేసుకుని, గరిష్ఠంగా 41,000 ఎంబీ చిల్లర మాత్రమే తగ్గించగలనని చెప్పింది. లోపల 178 జీబీ ఖాళీ ఉండగా!

కారణం ఏమిటంటే, విండోస్ కుదింపు డ్రైవ్ చివరి నుంచి వెనక్కి వస్తుంది. మామూలు ఫైళ్ళు అడ్డం వస్తే వాటిని ముందుకు జరుపుకుంటుంది, కానీ కదపలేని ఫైల్ ఒకటి ఎదురైతే అక్కడే నిలబడిపోతుంది. ఆ ఫైల్ ఏదో కూడా అదే చెబుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ చిట్టా తెరిచి 259వ నంబరు ఈవెంట్ చూస్తే, కదలని చివరి ఫైల్ పేరు అందులో ఉంటుంది. మా చిట్టాలో కనిపించినది నేను అనుమానించిన పేజింగ్ ఫైలే. దాన్ని సి కి మార్చి రీస్టార్ట్ చేసి మళ్ళీ అడిగాను. ఈసారి 97,000 ఎంబీ అంది. మళ్ళీ 259 చూస్తే సిస్టమ్ వాల్యూమ్ ఇన్‌ఫర్మేషన్ ఫోల్డర్‌లోని షాడో కాపీ. డి కి సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉండడం వల్ల పాత రిస్టోర్ పాయింట్లు అక్కడ తిష్ఠ వేశాయి. ప్రొటెక్షన్ ఆపి, వాటిని తీసేసి మూడోసారి అడిగితే 1,79,000 ఎంబీ దాకా తగ్గించగలనంది.

నాకు కావలసినది 100 జీబీయే అయినా 1,64,480 ఎంబీ అని టైపు చేశాను. అంటే డి ఇప్పుడు సరిగ్గా 230 జీబీ అవుతుంది, 212 జీబీ సరుకుకు బొటాబొటీగా. అంత ఎక్కువ ఎందుకు తగ్గించానో బుధవారం నాటి పనిలో తెలుస్తుంది. కుదింపుకు పద్నాలుగు నిమిషాలు పట్టింది.

కుదింపు ఎలా జరుగుతుందో చూద్దామని షాపు కుర్రవాడు సాయంత్రం ఇంటికి వచ్చాడు. డి పక్కన కొత్తగా పుట్టిన నల్లని ఖాళీ ముక్కను చూసి, "అన్నా, ఇది ఎఫ్ డ్రైవ్ చేసేద్దాం," అంటూ మౌస్ అందుకుని రైట్ క్లిక్ చేసి "న్యూ సింపుల్ వాల్యూమ్" నొక్కేశాడు. నెక్స్ట్, నెక్స్ట్ అని వెళ్ళాక ఒక హెచ్చరిక వచ్చింది: ఈ పని చేస్తే బేసిక్ డిస్క్ డైనమిక్ డిస్క్‌గా మారుతుంది. చేయి పట్టుకుని ఆపి "నో" నొక్కించాను. పట్టికలో నాలుగు చోట్లూ నిండాయి కదా, ఐదోది కావాలంటే విండోస్‌కు తెలిసిన దారి ఇదొక్కటే. ఆ "యెస్" ఎంత తేలికగా నొక్కవచ్చో వెనక్కి రావడం అంత కష్టం: తర్వాత జీపార్టెడ్ (పార్టిషన్‌ను జరపడానికి నేను వాడబోయే లైనక్స్ పరికరం) ఆ డిస్క్‌ను ముట్టుకోనంటుంది, మళ్ళీ బేసిక్ చేయాలంటే విండోస్ అన్ని వాల్యూములనూ తుడిచేయమంటుంది.

నాలుగో రోజు, మంగళవారం

డిస్క్‌ను ఈ రోజు ముట్టుకోలేదు. రోజంతా కరెంటు గురించే.

డి మొదలును కుడికి జరపడమంటే డి లో ఉన్నదంతా డిస్క్ మీద భౌతికంగా ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ కావడమే. అది జరిగే గంటా రెండు గంటలలో కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ సగం పాత చోట, సగం కొత్త చోట ఉండిపోతుంది. షాపులోని యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కూతలు మాత్రం కూస్తుంది. మా ఇంట్లో ఉన్నది ఇన్వర్టర్. వానాకాలం గాలి వీచిందంటే మా వీధిలో కరెంటు ఉంటుందన్న నమ్మకం లేదు, కాబట్టి దాన్ని పరీక్షించాను.

పరీక్ష చేసిన తీరు చెప్పాలి. విండోస్ నడుస్తుండగా కరెంటు తీసి చూడడం మూర్ఖత్వం, పరీక్ష తప్పితే డిస్క్ పాడవుతుంది. బయాస్ తెరను (విండోస్ మొదలవకముందే వచ్చే సెట్టింగుల తెరను) తెరిచి ఉంచి మెయిన్ ఆఫ్ చేశాను, అక్కడ డిస్క్ మీద ఏమీ రాయడం జరగదు. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, లైట్లు ఒక్క రెప్పపాటు ఆగి వెలిగాయి, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అయింది. ఇన్వర్టర్ వెనక చూస్తే చిన్న స్విచ్ "ఎకో" వైపు ఉంది. ఫ్యాన్లూ లైట్లూ గమనించని ఆలస్యాన్ని కంప్యూటర్ ఓర్చుకోలేదు. దాన్ని "యూపీఎస్" వైపు నొక్కి మూడుసార్లు మెయిన్ తీశాను, మూడుసార్లూ బయాస్ తెర చెక్కుచెదరలేదు. ఈ ఇల్లు కట్టినప్పటి నుంచి ఆ స్విచ్ అక్కడే ఉన్నా దానిపై ఎవరి చేయీ పడలేదు.

జరపడం మానేసి వేరే దారి పట్టవచ్చా అని కూడా ఆలోచించాను. బ్యాకప్ ఎలాగూ ఉంది, డి ని తీసేసి, సి ని పెంచి, మిగిలిన చోట కొత్త డి చేసి, ఫైళ్ళు తిరిగి కాపీ చేసుకోవచ్చు. చాలామంది ఇదే తేలిక అంటారు, కాలం లెక్కలో నిజమే కావచ్చు. కానీ డి ని తీసేసిన క్షణం నుంచి ఇరవై ఏళ్ళ షాపు పని అంతా ఒకే ఒక్క ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద ఉంటుంది, అది ఖాయం. జరిపే పద్ధతిలో ఆ స్థితి ప్రమాదం జరిగితేనే వస్తుంది. రెండో ఎక్స్‌టర్నల్ డిస్క్ ఉంటే మొదటి దారినే ఎంచుకునేవాడిని. లేదు కాబట్టి జరపడానికే నిశ్చయించుకున్నాను.

ఐదో రోజు, బుధవారం రాత్రి

ముందుగా విండోస్‌లో డి కి చెక్‌డిస్క్ నడిపి, తప్పులు లేవని చూసి, పూర్తిగా షట్‌డౌన్ చేశాను. బ్యాకప్ డిస్క్ కేబుల్ పీకి బీరువాలో పెట్టాను. జీపార్టెడ్‌లో డిస్కులు పక్కపక్కనే కనిపిస్తాయి, అలసటలో ఒకదానికి బదులు ఇంకొకటి ఎంచుకునే అవకాశమే ఉండకూడదు.

జీపార్టెడ్ లైవ్ ఉన్న పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేశాక మొదట టెర్మినల్ తెరిచి పార్టిషన్ పట్టికను సెక్టార్ అంకెలతో సహా ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌గా ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి దించుకున్నాను. డి మొదలు 20,48,02,048వ సెక్టార్. సెక్టార్‌కు 512 బైట్లు కాబట్టి ఒక ఎంబీకి 2048 సెక్టార్లు, 100 జీబీకి 20,97,15,200. రెండూ కలిపితే డి కొత్త మొదలు 41,45,17,248 కావాలి. దీన్ని 2048తో భాగిస్తే శేషం లేకుండా 2,02,401 వస్తుంది, అంటే ఎంబీ గీత మీదే పడుతుంది. ఈ లెక్క జీపార్టెడ్ తానే చూసుకుంటుంది, నేను కాగితం మీద వేసుకున్నది చివర సరిచూసుకోవడానికి మాత్రమే.

తర్వాత డి మీద "రీసైజ్/మూవ్" తెరిచాను. జీపార్టెడ్ వాడే మెబీబైట్లు, విండోస్ ఎంబీ అనేవి ఒకటే, అందువల్ల సోమవారం నాటి అంకెలు అలాగే కనిపించాయి: ముందు ఖాళీ 0, పరిమాణం 2,35,520, వెనక ఖాళీ 1,64,480. ముందు ఖాళీ గడిలో 1,02,400 టైపు చేసి ట్యాబ్ నొక్కగానే వెనక ఖాళీ 62,080కి తగ్గింది, పరిమాణం మారలేదు. అలైన్‌మెంట్ ఎంబీ దగ్గరే ఉంచాను.

ఎక్కువ కుదించడంలోని మర్మం ఇదే. పార్టిషన్‌ను జరిపేటప్పుడు జీపార్టెడ్ అందులో నిండిన చోటేదో, ఖాళీ చోటేదో చూడదు, పార్టిషన్ పొడవంతా బ్లాకు తర్వాత బ్లాకుగా కాపీ చేస్తుంది. డి ని నేరుగా 290 జీబీకి కుదించి జరిపి ఉంటే 290 జీబీ కాపీ అయ్యేది. 230కి కుదించి, జరిపి, ఆ తర్వాత కుడి వైపుకు పెంచితే 60 జీబీ చదవడం, 60 జీబీ రాయడం తప్పిపోతాయి. కుడి వైపుకు పెంచడానికి కొద్ది సెకన్లు చాలు, ఎందుకంటే అప్పుడు ఏదీ కదలదు.

"అప్లై" నొక్కే ముందు రెండు పనులనూ వేరువేరుగా చేయాలనుకున్నాను, మొదట జరపడం, అది అయ్యాక పెంచడం. తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో తెలియాలి కదా.

9:40కి నొక్కాను. వివరాల పెట్టె విప్పి చూస్తూ కూర్చున్నాను: 230లో ఎన్ని జీబీలు కాపీ అయ్యాయి, ఇంకా ఎంతసేపు అన్న అంకెలు నింపాదిగా మారుతున్నాయి. పాత చోటూ కొత్త చోటూ చాలా మేరకు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కాబట్టి కాపీ చివరి నుంచి మొదలుకు సాగుతుంది. పంక్తి భోజనంలో అందరినీ ఒక ఆకు పక్కకు జరపాలంటే చివర కూర్చున్న ఆయన ముందు లేవాలి. మొదటి ఆయన లేస్తే రెండో ఆయన ఒడిలో కూర్చోవలసి వస్తుంది.

10:20కి కరెంటు పోయింది. ఇన్వర్టర్ కీచుమని ఒక కూత కూసింది, తెర మీద అంకె మాత్రం 81 నుంచి 82కు మారింది. నాలుగు నిమిషాలకు మళ్ళీ వచ్చింది. ఆ నాలుగు నిమిషాలూ మా ఇంట్లో ఫ్యాన్లన్నీ నేనే ఆపించాను, అమ్మ విసుక్కుంది.

11:31కి పూర్తయింది. వివరాలలో చివరి మెట్టుగా ఎన్‌టీఎఫ్‌ఎస్ బూట్ సెక్టార్ సవరణ కనిపించింది. ప్రతి ఎన్‌టీఎఫ్‌ఎస్ బూట్ సెక్టార్‌లో 28వ బైట్ నుంచి నాలుగు బైట్లలో, తన ముందు ఎన్ని సెక్టార్లు ఉన్నాయో రాసి ఉంటుంది. ఇల్లు మారినప్పుడు తలుపు మీద నంబరు మార్చినట్టు దాన్నీ మార్చాలి. డి లాంటి, ఫైళ్ళు దాచుకోవడానికే వాడే డ్రైవ్‌లలో అది తప్పుగా ఉన్నా పని నడుస్తుంది, విండోస్ అందులోంచే బూట్ కావలసి వస్తే మాత్రం మొరాయిస్తుంది.

తర్వాత పరిమాణాన్ని 2,97,600కు పెంచి మళ్ళీ అప్లై. ఇక్కడ వరుస ముఖ్యం. కుదించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్ తగ్గాలి, తర్వాత పార్టిషన్. పెంచేటప్పుడు ముందు పార్టిషన్, తర్వాత ఫైల్ సిస్టమ్. గది చిన్నదవుతుంటే సామాను ముందు లోపలికి జరిపి ఆపై గోడ కట్టాలి, పెద్దదవుతుంటే గోడ ముందు జరపాలి. జీపార్టెడ్ ఈ వరుసను తానే పాటిస్తుంది. చేత్తో కమాండ్లు కొట్టేవారు వరుస తప్పి ఫైల్ సిస్టమ్ తోకను కోసేసుకుంటారు.

డి మొదలు అంకె చూశాను: 41,45,17,248. కాగితం మీది లెక్కే. షట్‌డౌన్ చేసి పడుకున్నాను.

ఆరో రోజు, గురువారం ఉదయం

విండోస్ పైకి లేస్తూనే ఒక డ్రైవ్‌ను తనిఖీ చేస్తానంది. పెంచిన తర్వాత మరొకసారి సరిచూసుకోమని జీపార్టెడ్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పరికరమే ఆ గుర్తు పెట్టి వెళ్తుంది కాబట్టి అది ఊహించినదే. ఆరు నిమిషాలు పట్టింది, తప్పులేమీ చూపలేదు.

లాగిన్ అయ్యాను. డెస్క్‌టాప్ ఖాళీ. ఒక్క ఫైల్ లేదు, రీసైకిల్ బిన్ తప్ప. మధ్యలో ఒక పెట్టె: డి డ్రైవ్‌లోని డెస్క్‌టాప్ అందుబాటులో లేదు.

ఒక నిమిషం పాటు నా చేతులు మౌస్ మీద ఆడలేదు. "దిస్ పీసీ" తెరిస్తే సి ఉంది, ఈ ఉంది, డీవీడీ డ్రైవ్ ఎఫ్ ఉంది, డి లేదు. కానీ జి అని కొత్త డ్రైవ్ ఉంది, 290 జీబీ. తెరిస్తే అన్నీ అందులోనే ఉన్నాయి.

తప్పు నాదే. ఎంబీఆర్ డిస్క్‌లో ఏ పార్టిషన్‌కు ఏ అక్షరమో విండోస్ తన రిజిస్ట్రీలో గుర్తు పెట్టుకునే పద్ధతి ఇలా ఉంటుంది: డిస్క్ సంతకం నాలుగు బైట్లు, పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఎనిమిది బైట్లు, అంతే. లోపల ఏముందో దానికి పట్టదు. డి మొదలును వంద జీబీ జరిపాక అది విండోస్ దృష్టిలో ఎన్నడూ చూడని కొత్త పార్టిషన్, అందుకే ఖాళీగా ఉన్న తర్వాతి అక్షరం ఇచ్చింది. ఆదివారం నాడు డెస్క్‌టాప్‌ను డి లోకి మార్చి ఉండకపోతే ఇది చిన్న చికాకుగా పోయేది. జరిపే పని ముందు, డెస్క్‌టాప్ మార్చడం తర్వాత అన్న వరుస పెట్టుకోవలసింది.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో జి మీద రైట్ క్లిక్ చేసి "చేంజ్ డ్రైవ్ లెటర్" లోకి వెళ్తే జాబితాలో డి ఉంది. ఎంచుకుని రీస్టార్ట్ చేస్తే డెస్క్‌టాప్ తిరిగి వచ్చింది. తర్వాత పేజ్‌మేకర్‌లో ఓ శుభలేఖ ఫైల్ తెరిచి లింకులు చూశాను. బొమ్మలన్నీ డి డ్రైవ్ చిరునామాతోనే లింకు అయి ఉన్నాయి కాబట్టి ఒక్కటి కూడా తెగలేదు. అక్షరం మార్చకుండా జి గానే వదిలేసి ఉంటే షాపులోని ప్రతి పాత ఫైల్ బొమ్మలను వెతకమని అడిగేది.

చివరికి ఈ ఆరు రోజుల పని దేని కోసమో ఆ పని. సి మీద రైట్ క్లిక్. "ఎక్స్‌టెండ్ వాల్యూమ్" ఇప్పుడు నల్లని అక్షరాలలో ఉంది. విజర్డ్ 1,02,400 ఎంబీ దొరుకుతుందని చూపింది, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. మూడు సెకన్లు కూడా పట్టలేదు. సి 197.17 జీబీ. గీత నీలం.

సి కి సిస్టమ్ ప్రొటెక్షన్ ఉందో లేదో సరిచూసి, ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్‌ను సి మీదా డి మీదా పెట్టి, ఆగిపోయిన అప్‌డేట్‌ను మళ్ళీ మొదలుపెట్టాను. మధ్యాహ్నానికి అది పూర్తయింది. హైబర్నేషన్ తిరిగి ఆన్ చేయలేదు, డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు దానితో పని లేదు.

శ్రావణం రెండో వారం

సీపీయూ షాపుకు వెళ్ళి మూడు వారాలు దాటింది. ఈ రోజు పని మీద అటు వెళ్ళి చూస్తే సి లో 108 జీబీ ఖాళీ ఉంది. డెస్క్‌టాప్ మీద మళ్ళీ "న్యూ ఫోల్డర్" లు పుట్టాయి, కానీ ఇప్పుడవి డి లో పేరుకుంటాయి. డి లో మిగిలినది 70 జీబీ. బాబాయి రెండో ఎక్స్‌టర్నల్ డిస్క్ కొంటానన్నారు, ఇంకా కొనలేదు. పాత బ్యాకప్ డిస్క్ మా బీరువాలోనే ఉంది. అందులోది ఆషాఢం నాటి సరుకు కాబట్టి ఆదివారం ఒకసారి తీసుకువెళ్ళి కొత్త ఫైళ్ళు కలపాలి.

వచ్చే ముందు కేబినెట్ పక్క రేకు విప్పి, నాలుగు పార్టిషన్ల మొదలు, చివరి సెక్టార్ అంకెలు రాసిన కాగితాన్ని లోపలి వైపు టేపుతో అంటించాను. పట్టిక ఎప్పుడైనా చెరిగిపోతే ఆ ఎనిమిది అంకెలు ఉంటే చాలు, పార్టిషన్లను మళ్ళీ ఉన్నచోటే గీయవచ్చు. టేపు సరిగా అంటలేదని కుర్రవాడు శుభలేఖలకు వాడే స్టిక్కర్ షీట్ ముక్క తెచ్చి దాని మీద వేశాడు.